మేలు, నయము, బెటరు



ఆంగ్లంలో కొన్ని క్రియావిశేషణాలున్నవి: రాదర్, ప్రిఫరబ్లీ, ఐడియలీ, సూనర్. రెండు దారులు ఎదుటనున్నప్పుడు మనసు ఎటు మొగ్గుతున్నదో చెప్పుట వాటి పని. ఆజ్ఞ కాదు, నిషేధం కాదు; మొగ్గు మాత్రమే. ‘ప్రిఫరబ్లీ’కి ఒక్క మాటలో తెలుగు చెప్పండని నా పూర్వ విద్యార్థి ఒకాయన, ఇప్పుడు కార్యాలయంలో అనువాదపు పనిలో ఉన్నవాడు, ఆ మధ్య అడిగినాడు. ఒక్క మాటలో లేదు నాయనా అన్నాను. లేకపోవుట తెలుగుకు లోటని అతడనుకొన్నాడు. నేను అట్లనుకొనలేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాలలో ముప్పై యేండ్లకు పైగా తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. ఈ సీమవారు ఎంపికను ఏ మాటలతో చెప్పుకొన్నారో, ఆ మాటలు ఎవరెవరి వలన వచ్చినవో కొంత విచారించి వ్రాయవలెననిపించింది.

ముందుగా ఆంగ్లపు మాటల పుట్టుక చూడవలె. ‘రాదర్’ ఇప్పుడు ఇష్టాన్ని చెప్పే మాటయే కాని పుట్టుకతో అది కాలాన్ని చెప్పే మాట. పాత ఆంగ్లంలో ‘రేద్’ అంటే త్వరగా, పెందలకడ. మిల్టన్ 1637లో వ్రాసిన ‘లిసిడస్’ కావ్యంలో ముందుగా పూచే ఒక పూవుకు ఆ పాత విశేషణమే వాడినాడు. దాని తర-రూపమే రాదర్: మరింత ముందుగా అని అర్థం. ‘సూనర్’ కథ కూడ అదే. ఏది ముందు చేస్తామో అదే మనకు ఇష్టమన్నమాట. ఇక ‘ప్రిఫర్’ లాటిన్ మాట: ‘ప్రే’ అంటే ముందర, ‘ఫెర్రే’ అంటే మోయుట. ఎదుటికి తెచ్చి పెట్టుకొనుట. మన ‘పురస్కారము’ సరిగ్గా ఇదే కూర్పు: పురః అంటే ముందర, కారము అంటే చేయుట. ఈ కాలంలో శాలువా, జ్ఞాపికలకు పురస్కారమని పేరు పడింది కాని, ‘పురస్కరించుకొని’ అన్నప్పుడు పాత అర్థం ఇంకా మిణుకుమంటూనే ఉన్నది.

తెలుగు ‘మేలు’ వేరు దారిన వచ్చింది. ద్రావిడ భాషలలో ‘మేల్’ అంటే పైన. తమిళంలో, కన్నడంలో ఆ అర్థమే నేటికీ ఉన్నది. పైది మేలైనది. ఆంగ్లేయుడు ముందున్నదాన్ని, లాటిను వాడు ఎదుట పెట్టుకొన్నదాన్ని, మనవాడు పైనున్నదాన్ని ఎంచుకొన్నాడు. మూడింటిలో ఏది గొప్ప అని అడిగితే నేను చెప్పను. పండితుణ్ణి గనుక పక్షపాతం ఉంటుంది.

సంస్కృతంలో ఈ విషయం మరీ సంపన్నం. కఠోపనిషత్తులో యముడు నచికేతునికి రెండు దారులు చూపుతాడు: శ్రేయస్సు, ప్రేయస్సు. ఈ రెండూ వ్యాకరణరీత్యా తర-రూపాలే. శ్రేయస్సు అంటే మరింత మంచిది, ప్రేయస్సు అంటే మరింత ప్రియమైనది. మంచిది ఒకటి, ఇష్టమైనది వేరొకటి అని అంత స్పష్టంగా, అంత పొదుపుగా చెప్పిన మరొక చోటు నేనెరుగను. తెలుగులోకి వచ్చేసరికి శ్రేయస్సు తన తర-భావాన్ని పోగొట్టుకొని ‘క్షేమం’ వంటి మాటయైపోయింది. ‘అట్లు చేయుట శ్రేయస్కరము’ అని కార్యాలయపు లేఖలలో వస్తుంది గాని దేనికంటె శ్రేయస్కరమో అక్కడ ఉండదు.

సంస్కృతంలో ‘వరం’ అనే అవ్యయప్రాయమైన మాట ఒకటున్నది. దేవుడిచ్చే వరం కాదు. ‘ఇది వరం, అది కాదు’ అనే కూర్పులో వస్తుంది. భర్తృహరి నీతిశతకంలో, అడవి మనుషులతో కొండలలో తిరుగుటయైనా మేలే గాని మూర్ఖులతో ఇంద్రభవనంలో ఉండరాదన్న భావం గల శ్లోకం ఈ ‘వరం’తోనే మొదలవుతుంది. ఆంగ్లపు ‘రాదర్’కు అచ్చమైన జోడు ఇదే. విద్వాన్ చదివిన మా తరంవారందరికీ ఈ కూర్పు కంఠస్థం. అయినా తెలుగువాడు దీన్ని అరువు తెచ్చుకొనలేదు. ఎందుకనగా ఆ పనికి తన యింట్లోనే పనిముట్టు ఉన్నది. ఆ సంగతి వస్తున్నాను.

వ్యాకరణంలో దీనికి ‘నిర్ధారణ’ అని పేరు. పాణిని అష్టాధ్యాయి రెండవ అధ్యాయం మూడవ పాదంలో రెండు సూత్రాలు పక్కపక్కనే పెట్టినాడు. గుంపులోనుండి ఒకదాన్ని వేరు చేసి చెప్పేటప్పుడు షష్ఠి గాని సప్తమి గాని. గుంపుకు బయటిదానితో పోల్చి వేరు చేసేటప్పుడు పంచమి. మథుర వారు పాటలీపుత్రం వారికంటె ధనికులని చెప్పుట దీనికి పాతకాలపు ఉదాహరణ. చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో ఈ నిర్ధారణ పంచమిని తెలుగు ‘కంటె’కు అన్వయించినాడు. రాయలవారి ఆముక్తమాల్యదలో తెలుగును గూర్చి వచ్చే ‘లెస్స’ను చూడండి. ‘లెస్స’ అంటే బాగు అని మాత్రమే; ‘అన్నింటిలో’ అన్న అర్థం దానికి ముందున్న విభక్తి వలన వచ్చింది. పొగడ్త అంతా ‘లెస్స’లోనే ఉన్నదనుకొని వేదికలపై దాన్నే గట్టిగా పలుకుతారు కాని, పని చేసింది ఆ ప్రత్యయం.

అనగా తెలుగులో ఎంపిక భారం విశేషణంపై లేదు, క్రియావిశేషణంపై లేదు. పోలిక పెట్టిన రెండవ వస్తువుపై ఉన్నది. ‘కంటె’ అనే ప్రత్యయం తగిలించుటకు ఒక నామం కావలె. ఏది వద్దనుకొంటున్నామో దాని పేరు చెప్పక మనం ఏది కావాలో చెప్పలేము. ‘ప్రిఫరబ్లీ’లో ఆ రెండవ వస్తువు కనపడదు. అది మాట వెనుక దాగి ఉంటుంది. ఈ చిన్న భేదం ఎంత దూరం పోయిందో ముందుముందు చెబుతాను.

ఇక మా సీమ మాటకు వద్దాం. మా జిల్లా ఎర్రగుంట్ల వద్ద కలమళ్లలో దొరికిన రేనాటిచోళుడు ధనంజయుని శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది, తొలి తెలుగు శాసనంగా ప్రసిద్ధి. ప్రొద్దుటూరికి, జమ్మలమడుగుకు అది పొరుగూరు వంటిదే. తెలుగు తొలి వ్రాత మా పక్కది అని చెప్పుకొనుట మాకొక అతిశయం, దాన్ని క్షమించవలె. అయితే శాసనాలు దానాలు చెబుతాయి, శాపాలు చెబుతాయి. మనసు మొగ్గు చెప్పవు. అది కావాలంటే నోటి మాట వినవలె.

పల్లెలో నేను విన్న కూర్పులు ప్రధానంగా రెండు. మొదటిది ‘కంటె’ కూర్పు: ‘ఆ బావి నీళ్లకంటే ఈ బావి నీళ్లు మేలు’, ‘అప్పు చేసేదానికంటే పస్తుండేది నయం’. ‘కంటే’కు బదులు ‘జూస్తే’ కూడ వస్తుంది: ‘దాన్ని జూస్తే ఇది నయం’. ఇక్కడ మేలు, నయం అనే రెండు మాటలకు నాకొక భేదం కనిపిస్తుంది. మేలు అంటే నిజంగా మంచిది. నయం అంటే రెండూ చెడ్డవే, ఇది కొంచెం తక్కువ చెడ్డది. ‘పోయినేడు జూస్తే ఈ ఏడు నయం’ అన్న రైతు పంట బాగా పండిందని చెప్పుట లేదు. వానలు ముఖం చాటేసే సీమలో ఈ రెండవ మాటకే పని ఎక్కువ. ‘నయం’ సంస్కృత పదం. నడత, నీతి అని మూలార్థం. మన నోటబడి చవక అయింది, జ్వరం తగ్గుట అయింది, కష్టాలలో కాస్త తేలికైనది అయింది.

రెండవ కూర్పులో నిజమైన ‘రాదర్’ ఉన్నది: ‘పస్తన్నా ఉంటా గాని వాళ్లింట్లో చెయ్యి కడగను’, ‘చావనన్నా చస్తా గాని ఆ గడప తొక్కను’. ‘అన్నా... గాని... ను’. శిష్టభాషలో ‘అయినను... కాని’. భర్తృహరి ‘వరం... న’ కూర్పుకు ఇది తోబుట్టువు. ముందు ఒక కష్టాన్ని ఒప్పుకొని, ఆ తరువాత మరొకదాన్ని తిరస్కరించుట. ఆంగ్లం ఒక్క క్రియావిశేషణంతో సున్నితంగా దాటవేసేదాన్ని మావారు చావుతో, పస్తుతో కొలుస్తారు. రోషం గల సీమ అని ఊరకే అనలేదు. ఇదంతా చదువు రానివారి మాట. వ్యాకరణం తెలియనివారు నిర్ధారణ పంచమిని తప్పు పలుకగా నేనెన్నడూ వినలేదు.

పద్దెనిమిదవ శతాబ్దంలో కడపను మయానా నవాబులు ఏలినారు. వారి కచేరీలనుండి, సంతలనుండి వచ్చిన పారసీక, హిందూస్తానీ మాటలు ఎంపికలోకి కూడ చొరబడినవి. ‘బదులు’ అందులో ముఖ్యమైనది. అరబ్బీ మూలం కలది. ‘వాని బదులు వీణ్ణి పంపు’ అనకుండా మనకు రోజు గడవదు. ‘పర్వాలేదు’లోని పర్వా కూడ అటువంటిదే. ‘పసందు’ కథ వింత. పారసీకంలో ‘పసంద్’ అంటే ఇష్టపడుట, ఎంచుకొనుట. అనగా ‘ప్రిఫరెన్సు’కు సరియైన మాట. మనకు వచ్చేసరికి అది విస్తరి దగ్గర ఆగిపోయింది: కూర పసందుగా ఉన్నది, ఉగ్గాని పసందుగా ఉన్నది. ఎంపిక పోయి రుచి మిగిలింది.

1792 శ్రీరంగపట్నం సంధి తరువాత ఈ సీమ నిజాముకు, 1800లో నిజాము నుండి కుంపిణీకి వచ్చింది. దత్తమండలాలని పేరు. తొలి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో 1807 వరకు ఉన్నాడు. కల్నల్ మెకంజీ సేకరింపజేసిన కైఫియత్తులలో మా గ్రామాల చరిత్ర కరణాల భాషలో ఉన్నది. ఇంగ్లీషు వాసన తగలని తెలుగు వచనం ఎట్లుండేదో చూడగోరువారికి అవి గనులు. కడప జిల్లా కైఫియత్తులను కట్టా నరసింహులు గారు పరిష్కరించి అచ్చులోకి తెచ్చుట మా జిల్లాకు జరిగిన గొప్ప ఉపకారం.

మన్రో గవర్నరైన 1820లోనే, దేశభాషలు నేర్చుకొనవలెనని ఆయన చెప్పిన మాట విని, సెంట్ జార్జి కోటలో చదువు ముగించుకొన్న యువకుడొకడు కడపకు వచ్చినాడు. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టినవాడు. 1822 వరకు కడపలో ఉండి, మచిలీపట్నం, రాజమండ్రి తిరిగి, 1826లో మరల కడప చేరినాడు. బంగళా కొని, పండితులను చేరదీసి, వ్రాతప్రతులు తెప్పించి శుద్ధప్రతులు వ్రాయించినాడు. ఆ పనిని అయోధ్యాపురం కృష్ణారెడ్డి నడిపినాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మశాస్త్రి వంటి పండితులు బ్రౌను వెంట పనిచేసినవారు. వేమన పద్యాలను 1829లో అచ్చువేసినాడు. వ్యాకరణం 1840లో, తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చినవి.

బ్రౌను గొప్పతనమంతా చెప్పుట నా ఉద్దేశం కాదు; అది ఎందరో చెప్పినారు. నాకు ముఖ్యమైనది ఆయన నిఘంటువుల ముఖపత్రాలపై ఉన్నది. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వ్యవహారంలో వాడే వాడుకభాషను, కావ్యభాషను కూడ వివరిస్తుందని ఆ పేరులోనే చెప్పుకొన్నాడు. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఇంగ్లీషు నుడికారాలను, పదబంధాలను తెలుగులో వివరిస్తుందన్నాడు. మాటకు మాట పెట్టుట కాదు, వాక్యానికి వాక్యం. కలెక్టరు కచేరీలో, న్యాయస్థానంలో రైతుల అర్జీలు విన్నవాడు గనుక ఈ ఎరుక కలిగిందని నా నమ్మిక. ‘రాదర్’ వంటి మాటకు ఒంటరి తెలుగు పదం వెదికేవాడు చీకట్లో తడుముకొంటాడు. ‘నేనైతే పోకుండుటే మేలనుకొంటాను’ అన్న వాక్యం విన్నవానికి వెదకే పనే లేదు.

ఆనాటి పండితులలో కొందరికి ఈ రైతు వాక్యాలు నిఘంటువుకెక్కుట రుచించి ఉండదు. నేనూ ఆ బడిలో చదివినవాణ్ణే కనుక ఆ అరుచి నాకు తెలుసు. కాని అనువాదం దగ్గర బ్రౌనుదే సరియైన దారి. బ్రౌను బంగళా ఉన్న చోటనే జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి గ్రంథాలయం నిలబెట్టినారు. అదే ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయపు సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం.

బ్రౌను తరువాత కాల్డ్వెల్ 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం, ఆర్డెన్ 1873లో తెలుగు వ్యాకరణం వెలువరించినారు. ద్రావిడ విశేషణాలకు తరతమ రూపాలు లేవన్నది వారికి కొట్టవచ్చినట్టు కనిపించిన సంగతి. తమకున్న ‘గుడ్, బెటర్, బెస్ట్’ మెట్లు మనకు లేవని గమనించినారు. లేనిదాన్ని గమనించుట వ్యాకర్తకు సులభం.

ఇక బడి. ఇంగ్లీషు బడులలో ఈ క్రియావిశేషణాలు పుస్తకం ద్వారా వచ్చినవి. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం చదివినవారికి ఒక నియమం గుర్తుండే ఉంటుంది: లాటిన్ నుండి వచ్చిన సుపీరియర్, ప్రిఫరబుల్ వంటివాటి తరువాత ‘దాన్’ రాదు, ‘టు’ రావలె, ‘మోర్ ప్రిఫరబుల్’ అనరాదు. మా పిల్లలు ఏళ్ల తరబడి ‘దాన్’ అనే వ్రాసినారు. ఇంగ్లీషు ఉపాధ్యాయులు ఎర్రసిరా పోసినారు. ఉపాధ్యాయుల గదిలో నేనొకనాడు చెప్పి చూచినాను: పిల్లవాని తప్పు కాదు అయ్యా, వాని నాలుకపై నిర్ధారణ పంచమి ఉన్నది, ‘టీకంటె కాఫీ’ అని తలచుకొని వ్రాస్తే ‘దాన్’ కాక ఏమొస్తుంది? ‘కంటె’కు ‘దాన్’ సరిపోతుందని నేర్పినవారు మీరే గదా? అందరూ నవ్వినారు. మార్కులు మాత్రం పోయినవి.

ఇంగ్లీషు వస్తే తెలుగు పోతుందన్న భయం పండితులలో ఉండేది. దానికి జవాబు మా ప్రొద్దుటూరిలోనే ఉన్నది. పుట్టపర్తి నారాయణాచార్యులవారు (1914–1990) ఇక్కడ తెలుగు పండితులుగా పనిచేసినారు. పెనుకొండలో బాల్యంలో పిట్ దొరసాని వద్ద ఆంగ్ల సాహిత్యం చదువుకొన్నారు. ఇంగ్లీషులో ‘లీవ్స్ ఇన్ ది విండ్’ అన్న కవితలు వ్రాసినారు. విశ్వనాథవారి ‘ఏకవీర’ను మలయాళంలోకి తెచ్చినారు. తాను చిన్ననాట వ్రాసిన ‘పెనుగొండ లక్ష్మి’నే విద్వాన్ పరీక్షలో తనకు పాఠ్యంగా చదువవలసి వచ్చినవారు. అన్ని భాషలు తెలిసినవారి తెలుగు ‘శివతాండవం’లో ఎట్లున్నదో వేరే చెప్పవలెనా? భాష తెలిసినవానికి రెండు భాషలూ వేరువేరుగా తెలుస్తవి. సగం తెలిసినవాడే కలగలుపుతాడు.

కలగలిపితే ఏమౌతుందో ఇప్పుడు చెబుతాను.

ఆంధ్రప్రదేశ్ అధికారభాషా చట్టం 1966లో వచ్చింది. అధికారభాషా సంఘం 1974లో ఏర్పడి, వావిలాల గోపాలకృష్ణయ్య గారు దానికి తొలి అధ్యక్షులైనారు. ఉత్తర్వులు తెలుగులో రావలెనన్నది మంచి సంకల్పం. కాని ఉత్తర్వు ముందు ఇంగ్లీషులో పుట్టి, తరువాత తెలుగు చొక్కా తొడుగుకొనే అలవాటు పోలేదు. సుమారు ఇరవై యేండ్ల క్రితం, నేను జమ్మలమడుగు వైపు ఒక పల్లె బడిలో ఉండగా, తాత్కాలికంగా విద్యా వాలంటీరును తీసుకొనుటకు ఒక కార్యాలయం నుండి ఉత్తర్వు వచ్చింది. ఇంగ్లీషు ప్రతిలో అభ్యర్థి ‘ప్రిఫరబ్లీ’ అదే గ్రామం వారై ఉండవలెనని ఉన్నది. ఊరిలో అంటించిన తెలుగు ప్రతిలో ‘అదే గ్రామస్థులై ఉండవలెను’ అని ఉన్నది. ఒక్క క్రియావిశేషణం రాలిపోయింది. మొగ్గు ఆజ్ఞ అయింది.

ఆ ఊరిలో డిగ్రీ చదివినవారు లేరు. మైలున్నర దూరంలోని పొరుగు పల్లెలో ఒక అమ్మాయి ఉన్నది. మా బడిలోనే చదివిన పిల్ల. ఆమె దరఖాస్తు తీసుకొనలేదు. తండ్రి బడికి వచ్చినాడు.

“అయివారూ, మా పాప పక్కూరిదని కాయితం ఎనిక్కిచ్చినారు. ఈ ఊర్లో సదివినోళ్లు యాడుండారు? బడి ఖాళీగా పెట్టుకొనేదానికంటే మా పాప నయం గాదా?”

చూచినారా? ఉత్తర్వు వ్రాసినవానికి చేతగానిది ఆ రైతుకు చేతనైంది. రెండవ వస్తువును పైకి తీసి ముందర పెట్టినాడు: ఖాళీ బడి. ‘దానికంటే’. ప్రధానోపాధ్యాయులు రెండు ప్రతులూ జతచేసి పై కార్యాలయానికి వ్రాసినారు. ఆ లేఖ తెలుగు నేనే కూర్చినాను. తెలుగు ప్రతి అన్ని గ్రామాలకు పోయింది గనుక ఇప్పుడు మార్చుటకు వీలులేదని జవాబు వచ్చింది. ఆ సంవత్సరం రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి నడిపినాము. ఆ అమ్మాయి మరుసటి యేడు పెండ్లి చేసుకొని వెళ్లిపోయింది.

ఆ వాక్యాన్ని ఎట్లు వ్రాయవలసింది? ‘అదే గ్రామస్థులు దొరికిన వారిని, దొరకనిచో పొరుగు గ్రామస్థులను తీసుకొనవచ్చును.’ నాలుగు మాటలు ఎక్కువ. కాని తెలుగు స్వభావం అది: మొదటిది లేకుంటే రెండవది ఏమిటో పైకి చెప్పవలె. ‘వీలైతే’, ‘దొరికితే’, ‘అయినంతవరకు’ అన్నవాటిలో ఏదో ఒకటి అడ్డువేసినా పని జరిగేది. నాకు తెలిసిన కొందరు అనువాదకులు ‘ప్రిఫరబ్లీ’ కనబడగానే ‘ముఖ్యంగా’ అని వ్రాస్తారు. అది ఎంపిక కాదు, ఒత్తి పలుకుట. మరికొందరు ‘ప్రాధాన్యత’ అంటారు. అర్థం కొంత దగ్గర. రూపం మాత్రం మాకు ముల్లు. ప్రధానము నుండి ప్రాధాన్యము వచ్చినప్పుడే భావార్థం వచ్చేసింది. దానికి మళ్లీ ‘త’ ఎందుకు? చొక్కాపై చొక్కా. ఈ ప్రాధాన్యత, ప్రాముఖ్యతలపై నేను తరగతిలో చేసిన యుద్ధంలో ఓడినట్టే. పత్రికలన్నీ అటువైపే ఉన్నవి.

అయితే ‘ప్రాధాన్యం’ అన్న మాటను మాకు చక్కగా నేర్పిన చోటు ఒకటున్నది: శాసనమండలి ఎన్నికలు. ఆంధ్రప్రదేశ్‌లో మండలి 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో మరల వచ్చింది. పట్టభద్రులు, ఉపాధ్యాయులు ఓటు వేసే స్థానాలలో పేరు పక్కన గుర్తు కాదు, అంకె వేయవలె. 1 వేయుట తప్పనిసరి. 2, 3 వేయుట ఐచ్ఛికం. నాకు ఇతడు కావలె, ఇతడు కాకుంటే అతడు నయం అని కాగితంపై వ్రాయుటయే గదా! 2023 మార్చిలో పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల స్థానంలో మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలక, రెండవ ప్రాధాన్య ఓట్లు లెక్కించిన తరువాతనే ఫలితం వచ్చింది. రెండవ వస్తువును పేరుపెట్టి చెప్పుటలో ఉన్న బలం ఆ రాత్రి లెక్కింపు గదులలో అందరికీ తెలిసింది.

చివరగా బజారు. రెండు వందల యేండ్లకు పైగా ఇంగ్లీషు మన నడుమ ఉన్నది. రాదర్ రాలేదు, ప్రిఫరబ్లీ రాలేదు. చదువుకొన్నవాడు ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు వాడుతాడు. తెలుగు మాట్లాడేటప్పుడు దగ్గరికి రానీయడు. వచ్చినది ‘బెటరు’. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో వినండి: ‘గొలుసుకంటే గాజులు బెటరమ్మా, తరుగు తక్కువ’. బెటర్‌లో తర-భావం ముందే ఉన్నది. అయినా మనవారు ‘కంటే’ను వదలలేదు. బెటరును పట్టి తెచ్చి మేలు, నయం కూర్చొనే పీటపై కూర్చోబెట్టినారు, అంతే. వాక్యం చెక్కు చెదరలేదు. ‘మోర్ బెటరు’ అన్న మాటకు ఇంగ్లీషు ఉపాధ్యాయుడు తల కొట్టుకొంటాడు గాని, తెలుగువానికి బెటరంటే బాగు మాత్రమే. దానికి మెట్టు వేయవలసినది ‘కంటే’.

అట్లని ‘నయం’ వెళ్లిపోయిందా? పులివెందుల వైపు చీనీ తోటలవారితో మాట్లాడితే రెండూ వినవస్తవి. వాటి నడుమ గీత కూడ కనపడుతుంది. ధర పలికిన యేడు ‘శెనిక్కాయకంటే చీనీ బెటరు’ అంటారు. బోర్లు ఎండి చెట్లు నరికిన యేడు అదే మనిషి, అదే తోట గట్టుమీద కూర్చొని, ‘దీనికంటే శెనిక్కాయే నయం’ అంటాడు.